సర్వేయరు ముందు చెప్పిన చుట్టరికం

ఇన్సూరెన్సు మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా ఆయనైతే ఆ మాట వినగానే చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఆ తర్వాత గంటసేపు నా నోరు మూతపడదని ఆయనకు తెలుసు. చదివేవాళ్లు లేచి వెళ్లిపోయినా నాకు కనబడదు కాబట్టి, మొదటి నుంచీ చెబుతాను.

మేముండేది సూరత్‌లో, లింబాయత్‌లో. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మేస్త్రీ. నేను ఇంట్లోనే చీరలకు లేసు కుడతాను. మార్కెట్ నుంచి టెంపోలో చీరల కట్టలు దిగుతాయి, అంచులకు లేసు వేసి, మడతపెట్టి తిరిగి పంపాలి. కింది గదిలో మోటారు పెట్టిన కుట్టుమిషన్లు రెండు. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద పక్కింటావిడ. కింద ఒక గది, పైన ఒక గది, వెనక వంటిల్లు. ఏళ్ల తరబడి అద్దె గదుల్లో నల్లా నీళ్ల కోసం జుట్లు పట్టుకుని కొట్లాడాక కొనుక్కున్న ఇల్లు అది. దాని వెనక ఖాడీ, అంటే ఊరి మురుగంతా మోసుకుపోయే వాగు, ఉందని తెలిసే కొన్నాం. ఖాడీ పక్కన కాబట్టే మాలాంటి వాళ్లకు అందింది.

ఇల్లు కొనుక్కున్నాను గాని నాకు పుట్టిల్లు లేదు. సిరిసిల్ల దిక్కు మా ఊరు. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. ఇద్దరూ నా పెళ్లయిన కొన్నేళ్లకే పోయారు. అన్నదమ్ములు లేని ఆడదాని బాధేమిటో మా వైపు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మాలో పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు వచ్చి ఒడిబియ్యం పోస్తారు. పీట మీద కూచోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు దోసిళ్లతో ఒళ్లో పోస్తారు. ఆ బియ్యం వండి వాడకట్టు వాళ్లను పిలిచి పెట్టాలి. మా గల్లీలో ఎవరికో ఒకరికి ఊరి నుంచి అన్నలో తమ్ములో రైలెక్కి వచ్చి పోసేవాళ్లు. నేను పోయి తినేదాన్ని. ఎన్ని ఇళ్లలో తిన్నానో. "నీకెప్పుడు పోస్తరక్కా?" అని ఒకావిడ వడ్డిస్తూ అడిగింది. మంచి మనసుతోనే అడిగింది, కాని నేను సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

అట్లాంటి రోజుల్లో మా కులసంఘం హాల్లో ఒక పెళ్లికి పోతే, బంతిలో నా పక్కన కూచున్న పెద్దమనిషి మాటల్లో మా పుట్టింటి పేరు అడిగాడు. చెప్పాను. ఎదుటి బంతిలో కూచున్న ఒకాయన పెరుగన్నం చెయ్యితోనే లేచి వచ్చాడు.

"నీది గదే ఇంటిపేరా? మాది గూడ గదే. నాకు చెల్లె లేదు తల్లీ" అన్నాడు.

మాలో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లే. ముక్కూ మొహం ఎరగకపోయినా సరే, ఏ ఊరి వాళ్లయినా సరే. అందులో వరసకు అన్న, సొంత అన్న అన్న తేడా నాకెప్పుడూ తోచలేదు. ఆయన మునుపు మగ్గాలకు పడుగు చుట్టే వార్పింగు పని చేసేవాడట, నాకు పరిచయమయ్యే సరికి ఇన్సూరెన్సు ఏజెంటు. నాలుగు భాషలు గడగడా మాట్లాడేవాడు. మనిషి నవ్వితే హాలంతా వినపడేది. తర్వాతి నెలలోనే భార్యను తీసుకుని, భుజం మీద బియ్యం సంచితో మా ఇంటికి వచ్చాడు. కింది గది తప్ప కూచునే చోటు లేదు. నేనూ పక్కింటావిడా మిషన్లు రెంటినీ గోడకు జరిపి, మధ్యలో పీట వేశాం. మిషను బల్లకు వీపు ఆనించి ఆయన కూచున్నాడు. నా ఒళ్లో బియ్యం పోశాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆ మర్నాడు గల్లీ అంతటికీ వండిపెట్టాను. నన్నడిగిన ఆవిడకు రెండుసార్లు వడ్డించాను.

పాలసీ మాట ఏడాది తర్వాత వచ్చింది. ఆయనే తెచ్చాడు. "ఖాడీ పక్కన ఇల్లు చెల్లె. జర సోచాయించుండ్రి. నీళ్లొస్తె ఎవడిస్తడు?" అన్నాడు. మాట నిజమే. అన్న కాబట్టి చెబుతున్నాడు, పరాయివాడికి ఏం పట్టింది అనుకున్నాను. కాగితాలు నింపుతుంటే నేనే అడిగాను.

"ఈ మిషన్లున్నయి, పని నడుస్తది అని గిట్ల చెప్పాల్నా అన్నా?"

"ఎందుకే? రహెణాక్ అని రాస్తే ఖతం. ఉండే ఇల్లు, గంతే. ధంధా అని రాస్తే లేనిపోని లొల్లి. నేను లేనా?"

మా ఆయన గొణిగాడు. "చెప్తే ఏమైతది? ఉన్నది ఉన్నట్టు రాయిద్దాం."

"బావా, నువ్వు మగ్గం చూస్కో. కాయితాలు నేను చూస్త" అని ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను.

ఆ వానాకాలంలో కాదు, ఇంకో వానాకాలంలో ఖాడీ పొంగింది. సూరత్‌లో ఖాడీ నీళ్లంటే వాన నీళ్లు కావు. మిల్లుల రంగు, మోరీల మురికి, చచ్చిన ఎలుకలు అన్నీ కలిసి వస్తాయి. మేం పై గదిలో కూచుని కింద మా సామాను ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు విన్నాం. నీళ్లు దిగాక చూస్తే వంటింటి వెనక గోడ లేదు. ఖాడీ నేరుగా కనబడుతోంది. పొయ్యి దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున బట్టలు ఆరేసుకునేవాళ్లు నన్ను చూస్తున్నారు. మిషన్లు బురదలో సగం దాకా దిగబడ్డాయి. మంచం, ఫ్రిజ్జు, బియ్యం డబ్బా, దేని మీద చూసినా నల్లటి జిగట.

అప్పుడు అందరికంటే ముందు వచ్చింది ఆ అన్నే. అన్యాయం చెప్పకూడదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదలో దిగి వచ్చాడు.

"ఏదీ ముట్టకుండ్రి! ఫోటోలు దీసెదాక చీపురు గూడ పట్టకుండ్రి."

గోడ ఫోటో తీశాడు. ఫ్రిజ్జు తీశాడు. మిషన్లనూ తీశాడు, ఒకటికి రెండుసార్లు, పక్క నుంచీ ముందు నుంచీ. గల్లీలో అందరూ ఎవరొస్తారా, ఏమిస్తారా అని గడపల్లో నిలబడి ఉంటే, నా ఇంట్లో మా అన్న తిరుగుతున్నాడు. "మా అన్న. మా పుట్టింటాయన" అని అడగని వాళ్లకు కూడా చెప్పాను. గోడ కట్టుకోవాలి, అది నిజమే. గోడ లేని వంటింట్లో ఎన్నాళ్లని పరదా కట్టుకుని వండుతాం? కాని నిజం చెప్పాలంటే, ఆపద వేళ నాకూ ఒక పుట్టింటి మనిషి వచ్చి నిలబడ్డాడన్న మాట నాకు ఆ గోడకంటే ఎక్కువ కావలసి వచ్చింది. అది దక్కితే చాలు, మిగతాది ఎట్లాగో చూసుకుంటామనుకున్నాను.

నష్టం లెక్కగట్టడానికి కంపెనీ సర్వేయరు వచ్చే ముందురోజు ఆయన ఫోను చేశాడు. "మిషన్లు పైకెక్కించుండ్రి. మీద దుప్పటి గప్పుండ్రి. అడిగితె ఇంటి బట్టలు కుట్టుకుంటం అనుండ్రి." మా ఆయన కార్ఖానా నుంచి ఇద్దరిని పిలుచుకొచ్చి, ఆ ఇనుప మిషన్లను ఇరుకు మెట్ల మీద మోసుకుపోయాడు. మెట్టు మెట్టుకూ తిట్టుకున్నాడు. మిషన్లను కాదు, ఎవరిని తిట్టాడో నేను అడగలేదు.

సర్వేయరు గుజరాతీ కుర్రవాడు. మర్యాద తెలిసినవాడు. ఇల్లంతా బురద మరకలే ఉన్నా గడప దగ్గర బూట్లు విప్పాడు. మంచినీళ్లిస్తే తాగాడు. గోడ కొలిచాడు. మా అన్న పక్కనే ఉండి టేపు కొస పట్టుకున్నాడు. అంతా బాగానే నడుస్తోంది. అప్పుడా కుర్రవాడు తన ఫోను తీసి, మా అన్న పంపిన ఫోటోలు ఒక్కొక్కటే చూస్తూ, ఒకచోట ఆగాడు.

"బెన్, ఈ రెండు మిషన్లు ఎక్కడ? రెండు మిషన్లంటే ధంధా నడుస్తుందా ఇక్కడ?" అని హిందీలో అడిగాడు. అక్కను వాళ్లు బెన్ అంటారు.

చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. మిషన్లు దాచమని చెప్పిన పెద్దమనిషే వాటికి ముద్దుగా ఫోటోలు తీసి పంపాడు! అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెబితే మొహంలో తెలిసిపోతుంది. అన్న వైపు చూశాను. ఆయనేమో, లేని గోడ వైపు చూస్తున్నాడు. తెలియక ఏదో ఒకటి వాగి చెడగొట్టడమెందుకు, తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు కదా అనుకున్నాను.

"ఇన్‌కో పూఛో సాబ్. యే మేరే భాయ్ హై. ఇన్‌కో సబ్ మాలూమ్" అన్నాను. ఈయన మా అన్న, ఈయన్నే అడగండి, అన్నీ ఈయనకే తెలుసు అని.

కుర్రవాడి పెన్ను ఆగింది. "భాయ్? సగే భాయ్?"

సొంత అన్ననా అని అడుగుతున్నాడు. "హా. మాయ్‌కే కే" అన్నాను. పుట్టింటి అన్న అని. ఎంత గొప్పగా చెప్పానో, తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నాకేం తెలుసు? ఏజెంటు తన చెల్లెలింటికి పాలసీ రాసి, తనే ఫోటోలు తీసి, తనే పక్కన నిలబడి కొలతలు పట్టుకుంటే, చూసేవాళ్లకు అది ఇంటివాళ్లంతా కలిసి ఆడిన నాటకంలాగా కనబడుతుందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఏ గుజరాతీ ఆవిడో అయితే "భాయ్ లాంటివాడు" అని ఉండేది. ఇంటిపేరు కలిసిన మనిషిని "లాంటివాడు" అనడం మా నోటికి రాదు.

మా అన్న పెద్దగా నవ్వాడు. హాలంతా వినపడే అదే నవ్వు.

"అరె నహీ సర్! రిశ్తా కుఛ్ నహీ. సర్‌నేమ్ ఏక్ హై, బస్. ఇన్ లోగోఁ మే సబ్‌కో భాయ్ బోల్తే హై. కస్టమర్ హై, సర్."

చుట్టరికం ఏమీ లేదట. ఇంటిపేరు ఒకటేనట, అంతే. వీళ్లలో అందరినీ అన్నా అనే పిలుస్తారట. వీళ్లలో! తనేదో వేరే దేశం నుంచి ఊడిపడినట్టు. అంతటితో ఆగలేదు. మిషన్ల సంగతి తనకు ఆ ఫోటోలు తీసిన రోజే తెలిసిందన్నాడు. వరద రాకముందు ఈ ఇంటి లోపలికి తను ఎన్నడూ రాలేదట, గడప దగ్గరే నిలబడి సంతకాలు పెట్టించుకున్నాడట. ఏ మిషను బల్లకు వీపు ఆనించి నా ఒళ్లో బియ్యం పోశాడో, ఆ గదిలోనే నిలబడి ఆ మాట అన్నాడు.

లింబాయత్‌లో నా నోటికి పేరుంది. నల్లా దగ్గర నేను బిందె పెడితే ఎవరూ జరపరు. ఆ రోజు నాకు మాట రాలేదు. సర్వేయరు కుర్రవాడు ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు. "బెన్, మీరు చెప్పండి. ఇద్దరిలో ఎవరి మాట నిజం?" అని మెల్లగా అడిగాడు. నిజమే అడిగాడు పాపం. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, చెప్పు అన్నట్టు.

అన్న నుదుటి మీద చెమట బొట్లు నిలబడి ఉన్నాయి. నా వైపు చూడటం లేదు. నేను ఒక్క మాట అంటే ఈ మనిషి కూడు పోతుంది, పిల్లల చదువులు పోతాయి అని తోచింది. నన్ను కాదని అరనిమిషం కూడా కాలేదు, అప్పుడు కూడా నేను ఆయన పిల్లల గురించే ఆలోచించాను. మేనత్తను కదా!

"ఆయన చెప్పిందే నిజం సాబ్" అన్నాను.

కుర్రవాడు రాసుకున్నాడు. బూట్లు వేసుకుని, నమస్తే చెప్పి వెళ్లాడు. అన్న ఆ కుర్రవాణ్ని బండి దాకా దిగబెట్టడానికి పోయాడు, మళ్లీ లోపలికి రాలేదు.

కంపెనీ వాళ్లు క్లెయిము ఇచ్చేది లేదన్నారు. ఇల్లు అని చెప్పి లోపల ధంధా నడిపామట, ఆ సంగతి మేం దాచామట. దాచింది మేమట! మా ఆయన కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టి, "గోడనే గదనే, పోనీ" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ ఏదీ అనడు. ఆయన అనకపోతే నేను ఊరుకుంటానా?

ఉధనాలో వాళ్ల ఫ్లాటుకు షేర్ ఆటోలో పోయాను. తలుపు తీసిన మనిషి "రా చెల్లె, రా" అన్నాడు. నాలుగు గోడల మధ్య చెల్లెనే మరి. వదిన చాయ్ తెచ్చి పెట్టింది. నేను ముట్టలేదు.

"నేనేం జేసిన్నని చెల్లె? నువ్వు సగా భాయ్ అంటివి. అవునంటె నా ఏజెన్సీ పోతుండె. నీ క్లెయిమూ పోతుండె. ఇద్దరం మునుగుడెందుకు?"

"మునిగినోళ్లం మేమే అన్నా. నువ్వు ఒడ్డుకే ఉన్నవ్."

"అట్లనకు. నీకు తెల్వదు గీ లైను."

"లైను సంగతి నాకెందుకు? లోపటికి ఎన్నడు రాలే అంటివి. గదైనా అనకుండ ఉండరాదా? వరసకు చెల్లె సార్, సగా గాదు అంటె ఏం పోయేది నీకు?"

చాయ్ తాగు, చల్లారుతున్నది అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాళ్లను చూసినం గాని, తిన్న ఇంటి గడపే తొక్కలేదనే వాణ్ని నిన్నే చూసినా అని చెప్పి లేచి వచ్చాను. మెట్లు దబదబా దిగాను. కోపమనుకున్నాను. ఆటోలో కూచున్నాక ఏడుపొచ్చింది.

సంఘం పెద్దమనిషికీ చెప్పుకున్నాను. ఆనాడు బంతిలో నా పక్కన కూచున్నాయనే. అంతా విని, గడ్డం గోక్కుని, "కంపిని వాళ్ల ముందట చుట్టరికం ఎందుకు దీసినవమ్మా? తప్పు నీదే" అని తీర్పు చెప్పాడు. ఆయన ఇంటి పాలసీ కూడా మా అన్న దగ్గరే ఉందని తర్వాత తెలిసింది. నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

గోడ మేమే లేపుకున్నాం. కార్ఖానాకు సెలవున్నప్పుడల్లా మా ఆయనా, ఇద్దరు మగ్గం పనివాళ్లూ కలిసి కట్టారు. ఇటుకలు సమంగా లేవు, ప్లాస్టరు లేదు, కాని నిలబడింది. నేను మళ్లీ లేసులు కుడుతున్నాను. అన్న ఫోను చేయడం మానేశాడు. పెళ్లిళ్లలో కనబడితే నేనే ఇంకో బంతికి పోయేదాన్ని. ఇంటికొచ్చి ఒక్కసారి "తప్పయింది చెల్లె" అంటే చాలు, అన్నీ మరిచిపోతానని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. మా ఆయనకు చెప్పలేదు గాని, గేటు చప్పుడైనప్పుడల్లా మిషను ఆపి వినేదాన్ని.

మొన్న చలికాలంలో మా ఆయన కార్ఖానా నుంచి పొద్దు గూకక ముందే వచ్చాడు. వదిన ఫోను చేసిందట. అన్న వాళ్ల నాన్న ఊళ్లో పోయాడు. "చెల్లెకు జెప్పుండ్రి" అన్నదట.

ఆ ముసలాయన ఒకసారి కంటి ఆపరేషనుకు సూరత్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక పూట ఉన్నాడు. పెద్దనాన్న వరస కాబట్టి పెద్దబాపూ అని పిలిస్తే, మసక కళ్లతో నన్ను పట్టి పట్టి చూసి, "మా అక్క పోలికలున్నయి బిడ్డా నీకు" అన్నాడు. ఏ రక్తమూ లేని పోలిక. అయినా ఆయనకు కనబడింది. నేను చేసిన సర్వపిండి రెండుసార్లు అడిగి తిన్నాడు.

మాలో పుట్టింటి మనిషి పోతే ఆడబిడ్డ తెలిసిన వెంటనే తలమీద నీళ్లు పోసుకోవాలి. మూడు రోజులు మైల. దేవుడి దగ్గర దీపం పెట్టకూడదు. మా ఆయన బకెట్టులో నీళ్లు నింపి పెట్టాడు.

"లొల్లి ఆయనతోని. ముసలాయన ఏం జేసిండు? పోసుకో" అన్నాడు.

చాలాసేపు ఆ బకెట్టు ముందు నిలబడ్డాను. పోసుకుంటే, పోయినాయన నా పెద్దబాపు. ఆయన పెద్దబాపు అయితే, ఆయన కొడుకు నాకు అన్న. అన్న అయితే, అన్న నోటితో అందరి ముందూ కాదనిపించుకున్న చెల్లెలిని నేను, ఇప్పుడు పిలవని పేరంటానికి నీళ్లు పోసుకుని కూచున్నదాన్ని. చుట్టరికం ఏమీ లేదని ఆయన చెప్పాడు. ఆయన చెప్పిందే నిజమని నేనూ చెప్పాను. రాసుకున్నవాడు రాసుకుని పోయాడు.

నీళ్లు మోరీలో పారబోశాను. మొహం కడుక్కుని, దేవుడి ముందు కూచుని వత్తి వేశాను. "తప్పు నీది కాదు పెద్దబాపూ" అని పైకే అన్నాను. దీపం వెలిగించాను. మా ఆయన గడపలో నిలబడి చూశాడు. తర్వాత లేచి అన్నం వండి, కూర చేసి, ఇద్దరికీ వడ్డించాను. ఎవరూ పోని ఇంట్లో ఎలా తింటారో, అలాగే కూచుని తిన్నాం.